ముందు సగం

కమ్మింగ్, జార్జియా
సెప్టెంబరు 14

రత్నానికి,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టబోయి ఆగాను. మేమంతా అనడానికి ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. సరే, నేను క్షేమం. మీ ఆవిడ శాంతికి డయాలసిస్ ఎలా సాగుతోందో రాయి.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదని నీకు కోపం వచ్చిందట, షారన్ చెప్పింది. నీదొక్కటే కాదు, ఎవరి ఫోనూ ఎత్తడం లేదు. మే నెలలో మీ అక్క పోయిన దగ్గర్నుంచి ఫోన్ ఎత్తితే చాలు, అవతల ప్రార్థన మొదలైపోతుంది. చర్చివాళ్ళు మంచివాళ్ళు, కాదనను. వాళ్ళు తెచ్చిన కూరలతో ఫ్రీజర్ తలుపు పడడం లేదు. కానీ నేను పొయ్యి మీద పాలు పెట్టుకుని నిలబడి ఉంటాను, పాస్టరమ్మగారు ఇంకా బైబిల్లో యోబు కష్టాల దగ్గరే ఉంటారు. ఆమెన్ వచ్చేసరికి పాలు పొంగి స్టవ్ అంతా పారుతుంది. అందుకని ఫోన్ తీసి సొరుగులో పడేశాను. కూతురు షారన్ వీడియో కాల్ చేసే టైముకి మాత్రం బయటికి తీసి, కెమెరా సీలింగ్ ఫ్యాన్ వైపు తిప్పి మాట్లాడతాను. డబ్లిన్‌లో కూర్చుని అది రోజూ మా ఫ్యాన్ చూస్తోంది పాపం. నువ్వూ నేనూ పాలిటెక్నిక్ సెలవుల్లో రాసుకున్నట్టు ఉత్తరాలు రాసుకుందాం. కాగితం మీద గొంతు పూడుకుపోదు.

ఇక పని సంగతి. మీ అక్క తుపాకీ గుర్తుందా? ఉడతల మీద కసితో కొన్న ట్వెంటీటూ రైఫిల్. మధ్యలో తిప్పితే రెండు ముక్కలుగా ఊడివస్తుంది. ముందు సగం గొట్టం, వెనక సగం చెక్క మడమా ట్రిగ్గరూ. దీనమ్మ నర్సు కదా, చేతికి వణుకు లేదు, గురి నాకంటే తనకే బాగా కుదిరేది. నాకు గురి చూసేందుకు ఆ గొట్టం చివరున్న చిన్న గుండు ఎప్పుడూ సరిగ్గా కనపడలేదు. కుడి కంటికి శుక్లం తీయించాక మరీ మసగ్గా ఉంది. దానికో స్కోప్, అదే గురి చూసే దుర్భిణి, బిగించాలని ఉంది. అది కూర్చోడానికి ఏ బేస్ కొనాలి, దాన్ని పట్టి ఉంచడానికి ఏ రింగులు కొనాలి, నువ్వు చెప్పు. విమానాల ముక్కలకు స్క్రూలు బిగించి రిటైరైనవాడివి, నీకంటే ఎవరికి తెలుస్తుంది.

ఉడతలు బీరపాదు నాశనం చేస్తున్నాయి. పిందె పడనివ్వడం లేదు. ఇప్పుడు రెండు సగాలూ బిగించే, మంచం పక్కన బీరువాలో పెట్టుకుంటున్నాను. మీ అక్కలా ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా దాచి వెతుక్కునే ఓపిక నాకు లేదు.

నీ బావ,
దేవకుమార్


విచిటా, కాన్సాస్
సెప్టెంబరు 23

బావా,

నీ ఉత్తరం చూసి శాంతి కవరు మీద స్టాంపునే కాసేపు ముద్దుగా చూసింది. ఆవిడకి డయాలసిస్ రోజు విడిచి రోజు నడుస్తోంది. నేను డ్రైవర్‌ని. అక్కడి నర్సులందరికీ నా పేరు తెలుసు, నా కాఫీలో చక్కెర ఎంతో కూడా తెలుసు. ఇంతకుమించి మాకు విశేషాలు లేవు.

స్కోప్ గురించి. నువ్వు దుకాణానికి వెళ్ళి ఏదో ఒకటి కొనేయకు. రెండు ముక్కలయ్యే తుపాకీకి స్కోప్ ఏ సగం మీద బిగిస్తామన్నదే అసలు విషయం. అందరూ వెనక సగం మీద బిగిస్తారు, అక్కడ చదునుగా ఉంటుంది కాబట్టి. అలా చేస్తే విడదీసి కలిపిన ప్రతిసారీ గొట్టం వెంట్రుకవాసి అటో ఇటో కూర్చుంటుంది, గురి జరిగిపోతుంది. స్కోప్‌ని గొట్టం మీదే, అంటే ముందు సగం మీదే బిగించాలి. బేస్ కాస్త వెనక్కి చాచుకుని ఉండాలి, నీ కంటికి అందేలా. అప్పుడు గొట్టమూ స్కోపూ ఎప్పుడూ కలిసే ఉంటాయి. విడదీసి ఎన్నిసార్లు కలిపినా గురి తప్పదు.

ఇది నీ ఒక్క కన్నుతో వంటింటి బల్ల మీద చేసే పని కాదు. ముందు సగం నాకు పోస్టులో పంపు. నంబరు చెక్కి ఉండేది వెనక సగం మీద, చట్టం లెక్కలో తుపాకీ అంటే అది. ముందు సగం వట్టి ఇనప గొట్టం, పంపొచ్చు. స్కోప్ నేనే కొని, బిగించి, సరిచూసి పంపుతాను.

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మనవరాలు వచ్చే ఇల్లని అక్క ఆ రెండు సగాలనీ ఏనాడూ ఒక్కచోట పెట్టలేదు. ఒకటి బియ్యం డ్రమ్ము వెనక, ఒకటి పైన అలమరలో. మనవరాలు లేని రోజుల్లో కూడా అంతే. "రెండూ ఒక గదిలో పడుకోకూడదురా" అనేది నాతో. నువ్వు ఎందుకు మార్చావు?

బీరపాదు వేశావంటే సంతోషం. మే నెలలో భూస్థాపనకి వచ్చినప్పుడు మడి ఖాళీగా ఉంది. ఈ ఏడు డాడీ ఏమీ వేయలేదని షారన్ అంది. దానికి తెలియదేమో.

రత్నం


కమ్మింగ్
అక్టోబరు 9

రత్నం,

షారన్‌కి తోట సంగతి ఏం తెలుస్తుంది, అది చూసేది ఫ్యాన్‌ని కదా.

ఇదిగో నీ ఇనప గొట్టం. ఇంట్లో బబుల్ రాప్ లేదు. మీ అక్క హాస్పిటల్‌కి వేసుకెళ్ళే నీలం స్క్రబ్స్ చొక్కాలో చుట్టాను. చొక్కా తిరిగి పంపక్కర్లేదు, శాంతికి పనికొస్తే ఉంచుకోమను. దీనమ్మ చీరలు చర్చిలో ఇచ్చేశాను. తన కారు పాస్టర్‌గారి అబ్బాయికిచ్చాను. ఇంటి కాగితాలు షారన్ పేర మార్పిస్తున్నాను. ఒక్కొక్క పనీ అవుతుంటే మనసు తేలికగా ఉంది. ఇన్నాళ్ళూ ఇంత సామాను మధ్య ఎలా బతికామో అనిపిస్తోంది.

పోస్టాఫీసులో అమ్మాయి లోపల ఏముందని అడిగింది. తోటకి పైపు అన్నాను. అబద్ధం ఆడినందుకు దారంతా నవ్వొచ్చింది, చాలా రోజులైంది నవ్వి.

త్వరగా కానియ్. నీది నిదానం పని, నాకు తెలుసు. డ్రాయింగ్ పరీక్షలో అందరూ షీట్లు ఇచ్చేసి వెళ్ళిపోయాక కూడా నువ్వు పెన్సిల్ చెక్కుతూ కూర్చునేవాడివి.

దేవకుమార్


విచిటా
నవంబరు 6

బావా,

పార్సెల్ అందింది. గొట్టం సంగతి తర్వాత. చొక్కాలో అక్క వాసన ఇంకా ఉంది. డెట్టాలూ, జేబులో ఎప్పుడో వేసుకుని మరిచిపోయిన ఏలకులూ. శాంతి చొక్కా తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను గరాజ్‌లోకి వెళ్ళాను. మేమిద్దరం ఎదురెదురుగా ఏడవం, అదో అలవాటు.

ఇక స్కోప్ దగ్గర చిక్కులొచ్చాయి. నేను ఆర్డర్ చేసిన బేస్ వేరే మోడల్‌ది వచ్చింది, మన గొట్టం గుండ్రానికి కూర్చోవడం లేదు. తిప్పి పంపాను. ఈలోగా స్కోప్ వచ్చింది. అది పెద్ద తుపాకులకు చేసింది, దూరంగా ఉన్నది స్పష్టంగా చూపిస్తుంది కానీ పెరటి దూరంలో ఉన్నది అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. దాన్నీ తిప్పి పంపాలి. కొత్త బేస్‌తో వచ్చిన స్క్రూలు కాస్త పొడుగు. అలాగే బిగిస్తే కొన గొట్టంలో గుచ్చుకుంటుంది. సరైనవి తెప్పిస్తున్నాను.

థ్యాంక్స్‌గివింగ్‌కి డబ్లిన్ వెళ్ళు బావా. షారన్ టిక్కెట్ బుక్ చేస్తానంటే వద్దన్నావట. అది నాకు ఫోన్ చేసి, "మామయ్యా, డాడీ ఓకేనా? హి సౌండ్స్ టూ నైస్" అంది. నువ్వు మెత్తగా మాట్లాడుతుంటే దానికి భయంగా ఉందట. నలభై ఏళ్ళుగా నీ విసుగు వినేవాళ్ళం, మాకు మాత్రం భయం వేయదా?

రత్నం


కమ్మింగ్
డిసెంబరు 11

రత్నం,

స్క్రూ పొడుగైందా? నలభై ఏళ్ళు మెషిన్ షాపులో పనిచేసిన మనిషివి, పొడుగైన స్క్రూని ఆకురాయి మీద నాలుగు రుద్దులు రుద్దడం మరిచిపోయావా? ఎవరికి చెబుతున్నావు ఈ కబుర్లు? నేనూ ఆ మెకానికల్ డిప్లొమాయే చదివాను. నీ ముందు వరసలో కూర్చుని.

థ్యాంక్స్‌గివింగ్ అయిపోయింది. చర్చివాళ్ళు టర్కీ కోడిలో మసాలా కూరి తెచ్చారు. తిన్నానని చెప్పి చెత్తబుట్టలో వేశాను.

ఇక్కడ చీకటి తొందరగా పడుతోంది. దీనమ్మ పడుకునే వైపు దుప్పటి తీసేశాను. అప్పుడు ఆ వైపు మరీ పెద్దదిగా కనిపించింది, మళ్ళీ పరిచాను. పగలంతా ఇలాంటి పనులే.

నువ్వు స్కోప్ బిగించకపోయినా ఫర్వాలేదు. గొట్టం పంపెయ్. ఎలా ఉన్నది అలా పంపు. అది మీ అక్క వస్తువు, అంటే నా వస్తువు. నాకు కావాలి.

దేవకుమార్


విచిటా
జనవరి 3

బావా,

శాంతి డయాలసిస్ కుర్చీలో పడుకుని ఉంది. నేను పక్కన కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఈ ఉత్తరంలో హాస్యం లేదు.

స్కోప్ నీ పార్సెల్ వచ్చిన వారంలోనే బిగించాను. బేస్ సరిపోయింది, స్క్రూలు సరిపోయాయి, రింగులు సరిపోయాయి. స్కోప్ లోపలి అడ్డగీత మట్టంగా ఉంది. నేను రాసిన చిక్కులన్నీ అబద్ధాలు. నీ గొట్టం నా గరాజ్‌లో అక్క చొక్కాలోనే చుట్టి ఉంది. పంపను.

నీ మొదటి ఉత్తరంలో స్కోప్ గురించి చదివి నేను సంతోషించాను, మా బావకి ఏదో ఒక పని మీద మనసు పోయింది కదా అని. కిందికొచ్చేసరికి రెండు సగాలూ బిగించి మంచం పక్కన పెట్టుకున్నానని రాశావు. రెండూ ఒకచోట ఉండకూడదన్నది అక్క పెట్టిన కట్టుబాటు. ఆమె ఉన్నన్నాళ్ళూ నువ్వు దాన్ని మీరలేదు. లేని బీరపాదు మీదికి రాని ఉడతలు వస్తున్నాయని కూడా రాశావు. నీకు బతకాలని లేదేమోనని నాకు భయం బావా. ఇదిగో, రాసేశాను. తప్పయితే తిట్టు, సంతోషంగా పడతాను. అందుకే ముందు సగం అడిగాను. స్కోప్ ముందు సగం మీదే బిగించాలన్నది నిజం. ఆ నిజం నాకు అప్పుడు దేవుడిచ్చినట్టు దొరికింది.

ఇంకోటి కొనుక్కోలేనా అంటావు. కొనుక్కోగలవు. దానికి నువ్వు స్నానం చేయాలి, చొక్కా తొడుక్కోవాలి, కారెక్కాలి, ఎవరో మనిషితో నిలబడి మాట్లాడాలి. ఆ దారిలో ఎక్కడో ఒకచోట నీకు షారన్ గుర్తొస్తుందని నా ఆశ. మంచం పక్కనే ఉంటే ఆ దారి ఉండదు.

నేను వచ్చేయాలి. తెలుసు. శాంతిని కుర్చీలో కూర్చోబెట్టి నీ దగ్గరికి ఎలా రానూ, నిన్నలా వదిలేసి ఇక్కడ ఎలా ఉండనూ? పగలంతా ఇదే ఆలోచన. షారన్‌కి చెప్పాను. అది వస్తోంది. ఫోన్ సొరుగులోంచి బయటికి తీయి. నాకు చేయకపోయినా సరే, బతుకు మీద విరక్తి పుట్టినవాళ్ళ కోసం ఉందని షారన్ నీకు పంపిన ఆ మూడంకెల నంబరుకి చెయ్యి. అక్కడ ఎవరూ ప్రార్థన చేయరు, వింటారంతే.

అక్కని పోగొట్టుకున్నాను. నిన్ను కూడా పోగొట్టుకునే శక్తి నాకు లేదు.

రత్నం


కమ్మింగ్
జనవరి 27

రత్నం,

షారన్ వచ్చి వెళ్ళింది. ఇల్లంతా వెతికింది, చిన్నపిల్లల జేబులు వెతికినట్టు. వెనక సగం ఎక్కడుందో నేను చెప్పలేదు. ముందు సగం మామయ్య దగ్గరుంటే దీంతో ఏం చేస్తానమ్మా అన్నాను. నన్ను డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. నా కూతురు ముందు నేను ఒక తెల్లాయనకి నా నిద్ర గురించి చెప్పుకోవలసి వచ్చింది. మాత్రలిచ్చాడు, వేసుకుంటున్నాను.

నీ పని అయింది కదా. కొన్నాళ్ళు రాయకు.

దేవకుమార్


కమ్మింగ్
ఏప్రిల్ 12

రత్నానికి,

ఈసారి శుభవార్తతో మొదలుపెడుతున్నాను. బీరపాదు నిజంగానే వేశాను.

మార్చిలో ఓ రోజు ఫ్రిజ్‌లో మీ అక్క దాచిన గింజల సంచి కనపడింది. మీద తన చేతిరాతతో బీర అని ఉంది. గింజలు గోరువెచ్చని నీళ్ళలో నానేసి, తడిగుడ్డలో మూటకట్టి స్టవ్ పక్కన వెచ్చగా పెట్టాను. తెల్లటి మొలక ముక్కు బయటపెట్టాక పేపర్ కప్పుల్లో నాటి వంటింటి కిటికీలో ఉంచాను. రెండాకులు విప్పుకున్నాయి. ఇక చలి రాదని పోయిన వారం మడిలో నాటాను. పాకడానికి తీగలు కూడా కట్టాను. చేతులకు మట్టి అంటుకుంటే ఎంత బాగుందనుకున్నావు. సబ్బు పెట్టి కడగబుద్ధి కాలేదు.

ఆదివారం చర్చికి కూడా వెళ్ళాను. చాలా నెలల తర్వాత పాట పాడాను, గొంతు లేచింది. పాస్టరమ్మగారు నా చేతులు పట్టుకుని ఏమీ అనకుండా నిలబడింది. అనకపోవడం వల్ల నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

నీ మీద కోపం పోయింది. నువ్వు చేసింది సరైన పనే. అప్పుడు నేను మనిషిని కాదు. ఇప్పుడు మాత్రలు పనిచేస్తున్నాయి, నిద్ర పడుతోంది.

ఉడతలు మాత్రం మారలేదు. పొద్దున లేచేసరికి మడి అంతా గుంటలు. ఇలాగైతే ఒక్క పాదు కూడా దక్కదు. నువ్వు బిగించిన స్కోప్‌లోంచి ఒకసారి చూడాలని ఉంది. నీకు నమ్మకం కుదిరితే ముందు సగం పంపు. లేకపోతే వద్దు, తొందరేమీ లేదు. వచ్చే నెలలో అక్క జ్ఞాపకార్థ కూడిక. ఏడాది అయిపోయింది చూశావా.

నీ బావ,
దేవకుమార్


విచిటా
ఏప్రిల్ 20

బావా,

నీ ఉత్తరం శాంతికి చదివి వినిపించాను. మొలక ముక్కు బయటపెట్టింది అన్న దగ్గర మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఈసారి ఇద్దరం ఒకే గదిలో ఏడ్చాం. శాంతి నవ్వుతూ ఏడ్చింది.

నేను ఈ చలికాలం ఎలా గడిపానో నీకు చెప్పలేదు. పొద్దున ఫోన్ మోగి షారన్ అని పేరు కనపడితే, ఎత్తేముందు శాంతిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి. నువ్వు రాయకు అన్నావు, రాయలేదు. కానీ గరాజ్‌లోకి వెళ్ళి ఆ చొక్కా మూట ఉన్నచోటే ఉందా అని చూసుకుని వచ్చేవాణ్ణి. ఎవరెత్తుకెళ్తారని? అదక్కడున్నంతసేపూ నువ్వు అక్కడున్నావని నాకో పిచ్చి లెక్క.

నిన్న దాన్ని బయటికి తీశాను. స్క్రూలన్నీ మళ్ళీ ఒకసారి చూశాను, ఒక్కటి కూడా వదులవలేదు. గొట్టం తుడిచాను. స్కోప్‌లోంచి వీధి చివరి తపాలా పెట్టె వైపు చూస్తే దాని మీద అంకెలు కూడా కనిపించాయి. నీ పెరటికి ఇది చాలు.

కూడికకి వస్తున్నాను. శాంతి చెల్లెలు మనీషా వచ్చి ఆ వారం డ్రైవర్ ఉద్యోగం చేస్తానంది. అక్క ఇంటికి నేనెప్పుడూ ఖాళీ చేతులతో రాలేదు. కారు దిగగానే నా ముఖం చూడకముందు చేతుల వైపు చూసేది, ఏం తెచ్చావురా అని. ఈసారి ఏం తేవాలో తెలియక దిగులు పడుతున్నాను. నువ్వు సరేనంటే ముందు సగాన్నే కార్లో పెట్టుకొస్తాను. అంతకుముందే కావాలంటే పోస్టులో వేస్తాను. నీ ఉత్తరం నమ్మాను బావా. అయినా నీ నోటి నుంచి ఇంకోసారి వినాలని ఉంది. పంపు అని ఒక్క మాట రాయి చాలు.

రత్నం


కమ్మింగ్
ఏప్రిల్ 27

రత్నం,

పంపకు.

నువ్వడిగిన ఒక్క మాటా రాయడానికి పొద్దున్నుంచి కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాను. చేయి రావడం లేదు.

బీరపాదు లేదు. గింజల సంచి ఫ్రిజ్‌లోనే ఉంది, నేను ముడి కూడా విప్పలేదు. నానేయడం, తడిగుడ్డలో మూటకట్టి స్టవ్ పక్కన పెట్టడం, కిటికీలో కప్పులు, అవన్నీ మీ అక్క చేసే పనులు. నేను కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ చూసేవాణ్ణి. చూసింది చూసినట్టు నా పేరు మీద రాసేశాను. చర్చికి వెళ్ళలేదు. పాట పాడలేదు. పాస్టరమ్మగారు గుమ్మం దాకా వచ్చి బెల్ కొట్టి వెళ్ళిపోయింది. మాత్రలు ఫిబ్రవరిలో మానేశాను.

నువ్వు నమ్మాలనే రాశాను. ఏది రాస్తే నీ మనసు కరుగుతుందో నాకు తెలుసు, అదే రాశాను. పోస్టు చేసి వచ్చాక పనయిపోయిందని నిద్రపోయాను కూడా. తర్వాత నీ జవాబు వచ్చింది. నువ్వు నిజంగా నమ్మావు. శాంతి రెండోసారి చదవమందని చదివి నాకు భయమేసింది రత్నం. చావంటే వేయని భయం, నువ్వు నమ్మావంటే వేసింది. నా మాట నమ్మి నువ్వు నీ చేతులతో బిగించి, తుడిచి పంపితే, తర్వాత మిగిలిన బతుకంతా ఆ చేతులతో నువ్వు ఎలా అన్నం తింటావు?

అక్టోబరులో ముందు సగాన్ని నీకు పంపినప్పుడు స్కోప్ మీద నాకు ధ్యాస లేదు. నీ దగ్గరికి వెళ్తే తిరిగి రాదని తెలిసే పంపాను. పోస్టాఫీసు నుంచి వస్తూ నవ్వింది అందుకే. డిసెంబరులో తిరిగి ఇమ్మని నీ మీద అరిచినవాడు ఆ మనిషి కాదు. ఏప్రిల్లో తియ్యగా రాసినవాడు ఇంకొకడు. ఈ ఉత్తరం రాస్తున్నవాడు ఎంతసేపుంటాడో నాకు తెలియదు. అందుకని ఇకమీద నా ఉత్తరాలు నమ్మకు. వచ్చి నా ముఖం చూడు.

ఇవాళ మధ్యాహ్నం షారన్ కాల్ చేస్తే కెమెరా నా వైపు తిప్పాను. నా గడ్డం చూసింది. "డాడీ" అంది. ఇదంతా దానికి చెప్పాను. డాక్టర్‌కి అదే ఫోన్ చేసింది. కాల్ కట్ చేయొద్దు అంది. చేయలేదు, ఇప్పుడు కూడా బల్ల మీద ఫోన్ ఆన్‌లోనే ఉంది, అవతల అది వంట చేసుకుంటున్న చప్పుడు వినపడుతోంది. రేపటి ఫ్లైట్‌కి వస్తోంది.

వెనక సగం బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను, మీ అక్క పెట్టినచోటే. నువ్వొచ్చాక ఇద్దరం కలిసి తీసుకెళ్ళి షెరీఫ్ ఆఫీసులో ఇచ్చేద్దాం. నీ దగ్గరున్నది నువ్వేం చేస్తావో నాకు చెప్పకు. స్కోప్ బాగా బిగించావని తెలుసు. నేను చూడక్కర్లేదు.

కూడిక దాకా ఆగకు. మనీషా ఎప్పుడొస్తే అప్పుడే బయలుదేరు. మీ అక్క గుమ్మంలో ఉండదు కాబట్టి నీ చేతుల వైపు నేనే చూస్తాను. ఈ ఒక్కసారికి ఖాళీ చేతులతో రా.

నీ బావ,
దేవకుమార్